ఉబుంటు ల్యాప్‌టాప్ మరీ వేడెక్కుతోంది, ఏ సర్వీసులు ఆపాలి?

ప్రశ్న: నేను విజయనగరంలో ఇంజనీరింగ్ మూడో సంవత్సరం చదువుతున్నాను. మాది పలాస దగ్గర ఊరు. నాన్న జీడి పిక్కలు అమ్మిన డబ్బుతో సెకండ్ హ్యాండ్ ల్యాప్‌టాప్ కొనిపెట్టారు. ఐ5 8250యూ ప్రాసెసర్, 8 జీబీ ర్యామ్, ఉబుంటు 24.04. ఎండలు ముదిరినప్పటి నుంచి ఫ్యాను ఆగకుండా తిరుగుతోంది, 70 డిగ్రీలు దాటుతోంది. క్లాస్‌మేట్ చెప్పాడని సిస్టమ్‌డీ-అనలైజ్ బ్లేమ్ కమాండ్ కొట్టి, పైన వచ్చిన సర్వీసులన్నీ డిజేబుల్ చేశాను. మైఎస్‌క్యూఎల్, బ్లూటూత్, కప్స్, మోడెమ్ మేనేజర్, స్నాప్‌డీ, థర్మల్‌డీ అన్నీ ఆపేశాను. టీఎల్‌పీ కూడా వేశాను. వేడి తగ్గకపోగా ఇప్పుడు 88 నుంచి 93 చూపిస్తోంది. టాప్ కమాండ్‌లో జావా అని 280 శాతం దాకా వస్తుంది, కాసేపటికి మాయమవుతుంది, మళ్లీ వస్తుంది. నేను జావా ఏదీ తెరవలేదు. డాకర్‌లో మినీ ప్రాజెక్టు ఉంది కానీ అది ఎప్పుడో సబ్మిట్ చేసేశాం. అప్పుడప్పుడు ట్రాకర్ మైనర్ అని కూడా కనిపిస్తుంది. రిపేరు షాపులో చూపిస్తే బోర్డు పోయేలా ఉంది, ఎనిమిది వేలవుతుందన్నారు. వచ్చే నెల ప్లేస్‌మెంట్ టెస్టులు. చాలా టెన్షన్‌గా ఉంది. మళ్లీ విండోస్ వేసుకోవాలా? ఇంకా ఏ సర్వీసులు ఆపాలి?

జవాబు: ముందు ఆ ఎనిమిది వేలు ఎవరికీ ఇవ్వకండమ్మా. విండోస్ కూడా వేయనక్కర్లేదు. మీరు చూసి రాసిన వివరాల్లోనే కారణం దాదాపు దొరికిపోయింది. అది బోర్డు కాదని నాకు గట్టి నమ్మకం. ఒక గంట స్థిమితంగా కూర్చుంటే సరిచేసుకోవచ్చు. కమాండ్లను ఇక్కడ పలికే తీరులో రాస్తున్నాను, టెర్మినల్‌లో ఇంగ్లీషు చిన్న అక్షరాల్లో కొట్టండి.

ఇంకా ఏ సర్వీసులు, అంటే తెర వెనక నడిచే ప్రోగ్రాములు, ఆపాలని అడిగారు. కొత్తగా ఏదీ ఆపొద్దు. ఆపినవాటిలో రెండు మళ్లీ ఆన్ చేయాలి కూడా. ల్యాప్‌టాప్ వేడి ప్రాసెసర్ చేసే పని నుంచి వస్తుంది. లిస్టులో ఎన్ని సర్వీసులున్నాయన్నదానితో దానికి పెద్దగా సంబంధం లేదు. ఉబుంటులో మామూలుగానే ముప్పై నలభై సర్వీసులు ‘రన్నింగ్’ అని కనిపిస్తాయి. వాటిలో చాలా మటుకు ఎవరైనా పిలిస్తే తప్ప లేవవు. పిలుపు కోసం కాచుకుని ఉన్నంతసేపు ప్రాసెసర్‌ను దాదాపు ముట్టుకోవు. ఆర్టీసీ కాంప్లెక్స్‌లో ఇంజన్ ఆపి నిలబెట్టిన బస్సులు యాభై ఉన్నా చుక్క డీజిల్ కాలదు, స్టార్ట్ చేసి వదిలేసింది ఒక్కటుంటే కాలుతుంది. ఆ ఒక్కటి ఏదో పట్టుకోవాలి.

మీ క్లాస్‌మేట్ మంచి ఉద్దేశంతోనే చెప్పి ఉంటాడు, కానీ ఆ కమాండ్ ఈ పనికి వచ్చేది కాదు. సిస్టమ్‌డీ-అనలైజ్ బ్లేమ్ చెప్పేది, మెషీన్ ఆన్ అయ్యేటప్పుడు ఒక్కో సర్వీసు మొదలవడానికి ఎంతసేపు తీసుకుందో అంతే. బూటింగ్ ఆలస్యమవుతుంటే అది చూడాలి. బూట్ అయిపోయాక ఏది ప్రాసెసర్‌ను తినేస్తోందో దానికి తెలియదు. స్నాప్‌డీ లేవడానికి ఆరు సెకన్లు పట్టిందనుకోండి, ఆ తర్వాత రోజంతా అది పడుకునే ఉండొచ్చు. బ్లేమ్ లిస్టు చూసి సర్వీసులు ఆపమనే సలహా చాలాచోట్ల తిరుగుతోంది. మీలాంటి పిల్లలు దాన్ని నమ్మి మెషీన్ పాడుచేసుకుంటుంటే బాధేస్తుంది.

మీకు కావాల్సింది సిస్టమ్‌డీ-సీజీటాప్. ఈ కమాండ్ కొడితే ఏ సర్వీసు, ఏ కంటైనర్ (డాకర్ ఒక ప్రోగ్రామును విడిగా పెట్టి నడిపే డబ్బా లాంటిది) ఇప్పుడు ఎంత ప్రాసెసర్ వాడుతోందో వరుసగా చూపిస్తుంది, సెకనుకోసారి మారుతుంటుంది. కంటైనర్ అయితే డాకర్ అన్న మాట, దాని పక్కన పొడవాటి అంకెలూ అక్షరాల ఐడీ, చివర స్కోప్ అని ఉంటుంది. మీ మెషీన్‌లో పైకి వచ్చేది అలాంటి వరుసే అవుతుందని నా అంచనా.

ఇప్పుడు ఆ 280 శాతం సంగతి. టాప్‌లో వంద శాతమంటే ఒక్క థ్రెడ్ నిండా పని అని అర్థం. మీ ప్రాసెసర్‌లో 4 కోర్లు, 8 థ్రెడ్లు ఉన్నాయి కాబట్టి లెక్క 800 దాకా పోతుంది. 280 అంటే దాదాపు మూడు థ్రెడ్లు పూర్తిగా జావాకే పోతున్నాయి. మందంగా ఉండే డెస్క్‌టాప్‌కు అదేమంత కష్టం కాదు. మీది 15 వాట్ల పరిధిలో ఉండేలా చేసిన ప్రాసెసర్, ఒక చిన్న ఫ్యాను, సన్నటి రాగి గొట్టం. ఆగకుండా అంత పని పడితే 90 చూపించడం దాని తప్పు కాదు.

మరి మీరు తెరవని జావా ఎక్కడి నుంచి వచ్చింది? కంటైనర్ లోపల నడిచే ప్రోగ్రాములు కూడా బయట టాప్‌లో మామూలు ప్రోగ్రాముల్లాగే కనిపిస్తాయి. ఈసారి టాప్ తెరిచినప్పుడు జావా వరుసలో మొదట ఉండే పీఐడీ నంబరు ఒక కాగితం మీద రాసుకోండి. మాయమై మళ్లీ వచ్చినప్పుడు మళ్లీ చూడండి. నంబరు మారిందంటే అది అదే జావా కాదు, పాతది చనిపోయి కొత్తది పుట్టిందన్నమాట. తర్వాత డాకర్ పీఎస్ కొట్టండి. క్రియేటెడ్ కాలమ్‌లో వారాల కిందటిదని ఉండి, స్టేటస్‌లో మాత్రం ‘అప్ 9 సెకండ్స్’ అనో, ‘రీస్టార్టింగ్’ అనో ఉంటే ఇక అనుమానం అక్కర్లేదు.

జరిగిందేమిటంటే, ప్రాజెక్టు డెమో రోజు ఆగిపోకూడదని కంపోజ్ ఫైల్లో (కంటైనర్ ఎలా నడవాలో డాకర్‌కు చెప్పే ఫైలు) ‘రీస్టార్ట్: ఆల్వేస్’ అని పెట్టి ఉంటారు, అందరూ పెడతారు. దానికి డేటాబేస్‌గా మీ ఉబుంటులోని మైఎస్‌క్యూఎల్‌నే వాడి ఉంటారు. సబ్మిట్ చేసిన తర్వాత కూడా ఆ కంటైనర్ ల్యాప్‌టాప్ ఆన్ చేసిన ప్రతిసారీ లేస్తూనే ఉంది. మైఎస్‌క్యూఎల్ ఉన్నంతకాలం దానికి కనెక్ట్ అయి ఊరికే కూర్చునేది, మీకు తెలిసేది కాదు. మీరు మైఎస్‌క్యూఎల్‌ను ఆపేశారు. ఇప్పుడు జావా ప్రోగ్రామ్ మొదలవుతుంది, క్లాసులన్నీ లోడ్ చేసుకుంటుంది, డేటాబేస్ కోసం వెతుకుతుంది, దొరకదు, చచ్చిపోతుంది. డాకర్ దాన్ని మళ్లీ లేపుతుంది. జావా ప్రోగ్రాములు ప్రాసెసర్‌ను ఎక్కువగా వాడేది సరిగ్గా ఈ మొదలయ్యే సమయంలోనే.

ఇలా తిరక్కుండా డాకర్‌లో ఒక ఏర్పాటు ఉంది. ఒకసారి పడిపోతే 100 మిల్లీసెకన్లు ఆగి లేపుతుంది, మళ్లీ పడితే ఆ గడువు రెట్టింపు, మళ్లీ రెట్టింపు, అలా ఒక నిమిషం దాకా పెంచుకుంటూ పోతుంది. కానీ కంటైనర్ కనీసం 10 సెకన్లు బతికితే బాగానే లేచిందని లెక్కవేసి గడువును తిరిగి 100 మిల్లీసెకన్లకు తెచ్చేస్తుంది. మీ జావా ప్రోగ్రామ్‌కు పూర్తిగా లేచి, డేటాబేస్ లేదని గ్రహించి పడిపోవడానికి పది సెకన్లకు పైనే పడుతుంటే డాకర్ ఎప్పటికీ నిదానించదు. పడటం, వెంటనే లేవడం, పొద్దస్తమానం అదే. వేడి తగ్గించడానికి మీరు చేసిన పనే వేడిని పెంచిందంటే కారణం ఇది. నిర్ధారణ కావాలంటే డాకర్ లాగ్స్ అని కొట్టి పక్కన కంటైనర్ పేరు ఇవ్వండి. ‘కమ్యూనికేషన్స్ లింక్ ఫెయిల్యూర్’ అనో, ‘కనెక్షన్ రిఫ్యూజ్డ్’ అనో పేజీలకు పేజీలు కనిపిస్తుంది.

దీన్ని ఆపడం తేలిక. డాకర్ అప్‌డేట్ అని రాసి, రెండు గీతలు పెట్టి రీస్టార్ట్, ఈక్వల్ గుర్తు, నో, ఆ తర్వాత కంటైనర్ పేరు. పిమ్మట డాకర్ స్టాప్, కంటైనర్ పేరు. ఈ రెండూ చేయాలి. ఉత్తి స్టాప్ చేసి ఊరుకుంటే, ఆల్వేస్ అని ఉన్న కంటైనర్ మీరు రేపు ల్యాప్‌టాప్ ఆన్ చేయగానే మళ్లీ లేస్తుంది. కంపోజ్ ఫైల్లోని ఆ లైను కూడా తీసేయండి, లేదంటే ఎప్పుడైనా కంపోజ్ అప్ కొట్టినప్పుడు కథ మళ్లీ మొదలవుతుంది. ఆపిన నిమిషంలోనే ఫ్యాను మోత తగ్గడం మీ చెవికే తెలుస్తుంది.

మైఎస్‌క్యూఎల్‌ను బూట్‌లో లేవకుండా ఉంచడం మంచి నిర్ణయమే, అలాగే ఉంచండి. వేడి కోసం కాదు, 8 జీబీ ర్యామ్‌లో అది కొన్ని వందల ఎంబీ పట్టుకుని కూర్చుంటుంది కాబట్టి. ల్యాబ్ రికార్డుకు కావాల్సి వస్తే సుడో సిస్టమ్‌సీటీఎల్ స్టార్ట్ మైఎస్‌క్యూఎల్ అనండి, పనయ్యాక స్టాప్ అనండి. డాకర్‌కూ ఇదే పద్ధతి. డాకర్ డాట్ సర్వీస్‌ను డిజేబుల్ చేసి, డాకర్ డాట్ సాకెట్‌ను మాత్రం వదిలేయండి. అప్పుడు మీరు డాకర్ కమాండ్ ఏదైనా కొట్టినప్పుడే అది నిద్ర లేస్తుంది, అంతవరకు ఉండదు. కాలేజీ ప్రాజెక్టుల కోసం జెన్‌కిన్స్, పోస్ట్‌గ్రెస్, అపాచీ లాంటివి వేసినవాళ్లందరూ ఇలాగే చేసుకోవాలి. ఇన్‌స్టాల్ అయిన రోజు నుంచే బూట్‌లో లేచే అలవాటు వీటన్నిటికీ ఉంది, సెమిస్టర్ అయిపోయినా ఎవరూ వాటిని ఆపరు.

ఇక మీరు ఆపినవాటి సంగతి. థర్మల్‌డీని ఈ రోజే మళ్లీ ఆన్ చేయండి. ఇంటెల్ ల్యాప్‌టాప్‌ల్లో వేడి హద్దు దాకా పోకముందే ప్రాసెసర్‌ను అదుపు చేయడానికి ఉన్నదే అది. సుడో సిస్టమ్‌సీటీఎల్ ఎనేబుల్, రెండు గీతలు పెట్టి నౌ, థర్మల్‌డీ. అది లేకపోయినా కాలిపోదు, భయపడకండి. మీ ప్రాసెసర్ 100 డిగ్రీల దగ్గర తనంతట తనే వేగం తగ్గించుకుంటుంది. టెస్ట్ మధ్యలో స్క్రీన్ నత్తనడక నడిస్తే చాలాసార్లు కారణం ఈ తగ్గింపే. స్నాప్‌డీని కూడా తిరిగి పెట్టండి. ఉబుంటులో ఫైర్‌ఫాక్స్ స్నాప్ అనే తరహా ప్యాకేజీగా వస్తుంది, స్నాప్‌డీ లేకపోతే దానికి సెక్యూరిటీ అప్‌డేట్లు ఆగిపోతాయి. బ్యాంకు పనులూ, ఫీజులూ అందులోనే కట్టేవాళ్లకు అది చిన్న విషయం కాదు.

బ్లూటూత్, కప్స్ (ప్రింటర్ల సర్వీసు), మోడెమ్ మేనేజర్ మీకు వాడకం లేకపోతే ఆపే ఉంచుకోండి. వేడిలో ఒక్క డిగ్రీ తేడా కూడా ఆశించకండి. కప్స్‌తో పాటు వచ్చే కప్స్-బ్రౌజ్డ్‌ను ఆపడానికి వేరే మంచి కారణం ఉంది. 2024 సెప్టెంబరులో అందులో పెద్ద సెక్యూరిటీ లోపం బయటపడింది. నెట్‌వర్క్ ప్రింటర్ లేనివాళ్లకు అది అక్కర్లేదు. నెట్‌వర్క్ మేనేజర్, డీబస్, లాగిన్‌డీ, రిజాల్వ్‌డీ, పోల్‌కిట్ లాంటి పేర్ల జోలికి మాత్రం వెళ్లకండి. వాటిని ఆపితే వైఫై పోవడమో, లాగిన్ స్క్రీనే రాకపోవడమో జరుగుతుంది. మాస్క్ అనే కమాండ్ ఎవరైనా చెప్పినా ఇప్పుడు వాడొద్దు. డిజేబుల్ అంటే బూట్‌లో లేవదు, అవసరమైతే లేపుకోవచ్చు. మాస్క్ చేస్తే ఎవరు పిలిచినా లేవలేదు.

టీఎల్‌పీ కరెంటు వాడకాన్ని అదుపు చేసే మంచి సాఫ్ట్‌వేరే. కానీ ఉబుంటులో ముందే ఉన్న పవర్-ప్రొఫైల్స్-డీమన్ చేసేది కూడా ఇదే తరహా పని. రెండూ ఒకేసారి ఉండకూడదని టీఎల్‌పీ తయారుచేసినవాళ్లే చెబుతారు. కుడివైపు పై మూల మెనూలో పవర్ మోడ్ అనే బటన్ మీకు కనిపించకుండా పోయి ఉంటే కారణం అదే. మీ అవసరానికి టీఎల్‌పీని తీసేసి పవర్-ప్రొఫైల్స్-డీమన్‌ను తిరిగి ఇన్‌స్టాల్ చేసుకోమంటాను. చదువుకునేటప్పుడు పవర్ సేవర్, కోడ్ రాసేటప్పుడు బ్యాలెన్స్‌డ్ పెట్టుకుంటే చాలు, రెండూ ఒక్క క్లిక్ దూరంలో ఉంటాయి.

ట్రాకర్ మైనర్ అన్నది ఫైళ్లు వెతకడానికి పనికొచ్చే సూచిక తయారుచేసే సర్వీసు. కొత్తగా చాలా ఫైళ్లు వచ్చినప్పుడు వాటన్నిటినీ తెరిచి చదువుతుంది. సీనియర్ల పెన్‌డ్రైవ్ నుంచి మెటీరియల్ మొత్తం కాపీ చేసుకున్న వారంలో అది ఎక్కువగా కనిపించడం సహజం. వదిలేస్తే దానంతటదే ముగించి పడుకుంటుంది. రోజుల తరబడి ఆగకపోతే సెట్టింగ్స్‌లో సెర్చ్ అన్నచోటికి వెళ్లి, సెర్చ్ లొకేషన్స్‌లో డౌన్‌లోడ్స్, డాక్యుమెంట్స్ తీసేయండి. టెర్మినల్ నుంచి ఆపాలనుకుంటే సుడో పెట్టొద్దు. ఇది సిస్టమ్ సర్వీసు కాదు, మీ లాగిన్‌కు సంబంధించిన యూజర్ సర్వీసు. సిస్టమ్‌సీటీఎల్ తర్వాత రెండు గీతలు పెట్టి యూజర్ అని రాయాలి. సుడోతో కొట్టి ‘అలాంటి యూనిట్ లేదు’ అని వస్తే చాలామంది అక్కడే వదిలేస్తారు.

ఇవన్నీ అయ్యాక షాపువాళ్లు చెప్పిన మాటను తేల్చే పరీక్ష ఒకటి చేయండి. రీస్టార్ట్ చేసి, ఏమీ తెరవకుండా పది నిమిషాలు వదిలేయండి. తర్వాత టాప్, సెన్సార్స్ (వేడి ఎంతో చూపించే కమాండ్) రెండూ చూడండి. టాప్‌లో పైన ఉన్న ప్రోగ్రాములు ఐదారు శాతం కూడా దాటకుండా, వేడి 60 లోపు ఉంటే మెషీన్ ఆరోగ్యంగా ఉంది. మే నెల మధ్యాహ్నం డాబా కింద గదిలో గాలే 37, 38 ఉన్నప్పుడు ల్యాప్‌టాప్ 40కి దిగదు, దిగాలని ఆశించకండి కూడా. అదే ప్రాసెసర్ ఏ పనీ చేయకుండా ఖాళీగా ఉండి కూడా 75, 80 చూపిస్తుంటే అప్పుడది సాఫ్ట్‌వేర్ సమస్య కాదు. ఫ్యానులో దుమ్ము పేరుకుపోయిందో, ప్రాసెసర్ మీది థర్మల్ పేస్ట్ (వేడిని బయటికి చేరవేసే పూత) ఎండిపోయిందో అయ్యుంటుంది. మీ ప్రాసెసర్ 2017లో వచ్చినది, సెకండ్ హ్యాండ్ మెషీన్‌లో పేస్ట్ ఎండిపోవడం వింత కాదు. అలాంటప్పుడు షాపులో ఫ్యాను శుభ్రం చేసి పేస్ట్ మార్చమని మాత్రమే అడగండి. వీలైతే పక్కనే నిలబడి చేయించుకోండి. బోర్డు మార్చాలన్న మాట దాని తర్వాత కూడా వస్తే ఇంకోచోట చూపించండి.

ఎండలు ముదిరాక మొదలైందన్నారు కాబట్టి ఫ్యాను శుభ్రం చేయించడం ఎలాగూ మంచిదే. హాస్టల్ గదిలో మంచం మీద బొంత పరిచి దాని మీద ల్యాప్‌టాప్ పెడుతున్నారా? అడుగున గాలి పీల్చే సందులు బొంతకు పూర్తిగా మూసుకుపోతాయి, నూగు లోపలికి పోతుంది. ఒక రైటింగ్ ప్యాడ్ అట్ట కింద పెట్టినా తేడా కనిపిస్తుంది. ఇంటికి వెళ్లేటప్పుడు మూత మూసి బ్యాగులో పెట్టేస్తుంటే అది కూడా మానాలి. కొన్ని మెషీన్లలో మూత మూసినప్పుడు నిద్ర పైపైనే ఉంటుంది, రైల్లో రెండు గంటల్లో బ్యాగు లోపలే వేడెక్కుతుంది. షట్‌డౌన్ చేసి పెట్టండి.

ప్లేస్‌మెంట్ టెస్ట్ విషయం వేరుగా చెబుతాను. కెమెరా, స్క్రీన్ షేరింగ్ ఆన్‌లో ఉన్నప్పుడు వీడియోను కుదించే పని ప్రాసెసర్ మీద పడుతుంది, ఆ గంటన్నర ఫ్యాను తిరుగుతుంది, తిరగనివ్వండి. ఆ రోజు ల్యాప్‌టాప్‌ను టెస్ట్‌కు కనీసం అరగంట ముందే ఆన్ చేయండి. ఉబుంటులో ఆటోమేటిక్ అప్‌డేట్ రోజుకోసారి నడుస్తుంది, ఆ వేళకు మెషీన్ ఆఫ్‌లో ఉంటే ఆన్ చేసిన తర్వాత నడుస్తుంది. సరిగ్గా టెస్ట్ మొదలయ్యే నిమిషంలో ఆన్ చేస్తే రెండూ ఒకేసారి పడతాయి. దాన్ని శాశ్వతంగా ఆపేయొద్దు, ముందే లేపి దాని పని దాన్ని చేసుకోనిస్తే చాలు. క్రోమ్ వాడుతుంటే సెట్టింగ్స్‌లో సిస్టమ్ అన్నచోట, క్రోమ్ మూసినా బ్యాక్‌గ్రౌండ్ యాప్‌లు నడిపే ఆప్షన్ ఒకటుంటుంది, అది ఆఫ్ చేయండి. మిగతా ట్యాబులన్నీ మూసేయండి. చార్జర్ పెట్టే ఉంచండి, బ్యాటరీ మాత్రం ముందురోజు రాత్రే నింపుకోండి. కరెంటు పోయినా నడవాలి, పైగా టెస్ట్ సమయంలో చార్జింగ్ వేడి కూడా తోడవకుండా ఉంటుంది.

ముందుగా డాకర్ పని చేయండి, తర్వాత థర్మల్‌డీ, మిగతావి తీరిక దొరికినప్పుడు. ఇవన్నీ చేశాక కూడా ఖాళీగా ఉన్నప్పుడు 75 దాటుతుంటే మళ్లీ రాయండి. రాసేటప్పుడు టాప్‌లో మొదటి పది వరుసలు, సెన్సార్స్‌లో ప్యాకేజ్ అన్నచోట ఉన్న అంకె, ఆ వేళకు గది ఎంత వేడిగా ఉందో, ఈ మూడూ తప్పకుండా రాయండి.